జీతం సర్కారుదైతే పాట ఎవరిది?

సంపాదకులకు,

తెలంగాణ ఉద్యమంలో ధూంధాం సాంస్కృతిక సభల వేదికలెక్కి పాడినవాళ్లు రాష్ట్రం వచ్చాక అమ్ముడుపోయారన్న నింద తరచూ వినబడుతోంది. ఇందులో న్యాయం సగమే. మనుషుల నిజాయితీని తూచడం తేలిక. వాళ్లను ఆ స్థితిలోకి తెచ్చిన ఏర్పాటును పరిశీలించే ఓపికే మనకు తక్కువ. పాటకు భయపడిన ప్రభుత్వం దాన్ని నిషేధించవచ్చు, లేదా కొలువులో పెట్టుకోవచ్చు. తెలుగునేల రెండూ చూసింది. వీటిలో కొలువే పాటను ఎక్కువకాలం అదుపులో ఉంచుతుందని నా అభిప్రాయం.

గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ (1939) సినిమాను జమీందార్ల ఒత్తిడితో కొన్ని జిల్లాల్లో ఆడనివ్వలేదు. సుంకర, వాసిరెడ్డి రాసిన ‘మాభూమి’ నాటకాన్ని మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఇలాంటి నిషేధాలకు వీలిస్తూ తెల్లదొరలు 1876లో తెచ్చిన నాటక ప్రదర్శనల చట్టాన్ని కేంద్రం రద్దు చేసింది 2018లో! ఎంత దుర్మార్గమైనా నిషేధంలో దాపరికం ఉండదు. ఆపిందెవరో, ఎందుకు ఆపారో ఊరందరికీ తెలుస్తుంది. కొలువు అలా కాదు. వామపక్ష కళాసంస్థ ప్రజానాట్యమండలి చేతిలో దొరల గుండెలదిరేలా మోగిన బుర్రకథే ఆ తర్వాత కుటుంబ నియంత్రణ ప్రచారానికీ పనికొచ్చింది. బుర్రకథకుడు నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. అందుకు ఆయన అన్నివిధాలా అర్హుడు, వివాదం అది కాదు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క హాస్యం చెప్పే వంత, మరో పక్క రాజకీయం చెప్పే వంత ఉంటారు. సర్కారు కథలో ఆ రాజకీయం వంతకు పథకాల ప్రయోజనాలు వల్లించడమే మిగిలింది. కథ ఆగలేదు, తంబుర మోగుతూనే ఉంది, కాబట్టి ఏదో పోయిందని ఎవరికీ అనిపించలేదు.

2014లో ఏర్పడిన తెలంగాణ సాంస్కృతిక సారథిదీ ఇదే కథ. 550 మంది కళాకారులకు నెల జీతంతో కొలువులు వచ్చాయి. వారి ప్రధాన విధి ప్రభుత్వ పథకాలను పాటల్లో జనానికి చేర్చడం. ఇక్కడ ఎవరి గొంతూ నొక్కనక్కర్లేదు. రేపు ఊళ్లో దేనిమీద పాడాలో పై నుంచి చెబితే చాలు. పాలకులు మారినా ఏర్పాటు మారకపోతే, అవే గొంతులు కొత్త పథకాలను పొగుడుతాయి. పాటకు దక్కే గౌరవమూ పాలకుల చేతిలోనే ఉంది. కవి అందెశ్రీ రాసిన ‘జయ జయహే తెలంగాణ’ ఉద్యమకాలమంతా మార్మోగినా, రాష్ట్రగీతం కావడానికి రాష్ట్రం వచ్చాక పదేళ్లు, ఒక ప్రభుత్వం మారడం అవసరమయ్యాయి. నంది పురస్కారాన్ని వద్దన్న ప్రజాగాయకుడు గద్దర్ పేరునే, ఆయన కన్నుమూశాక, నంది స్థానంలో సినిమా అవార్డులకు పెట్టారు. పోయినవాళ్లను గౌరవించడంలో మన ప్రభుత్వాలకు ఎన్నడూ ఇబ్బంది లేదు.

కళాకారుడికీ కడుపుంది, ఉద్యోగమిస్తే తప్పా అని అడగవచ్చు. తప్పు కాదు. ఉద్యమంలో గొంతు అరగదీసుకున్నవాళ్లను పస్తులుంచమని ఎవరంటారు? అయితే హైకోర్టు న్యాయమూర్తికీ జీతం ఖజానా నుంచే వస్తుంది, అయినా ఆయన ప్రభుత్వానికి వ్యతిరేకంగా తీర్పు చెప్పగలడు. ఆ రక్షణ జీతం మానేసినందువల్ల రాలేదు, జీతానికీ తీర్పుకీ మధ్య చట్టం గోడ కట్టినందువల్ల వచ్చింది. రాజాశ్రయం మనకు కొత్తా అని మరికొందరంటారు. నిజమే, కొత్త కాదు. కానీ మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉంటూ ‘నిర్వచనోత్తర రామాయణం’ రాజుకు అంకితమిచ్చిన తిక్కన, భారతాన్ని మాత్రం హరిహరనాథుడికే ఇచ్చాడు. ఆస్థానకవికి కూడా ఆస్థానం బయట అంత చోటుండేది. ఈనాటి సారథి కళాకారుడికి కొలువులో ఉంటూనే ఆ చోటు దొరకాలి.

అందుకే ప్రభుత్వానికి నా విన్నపం. పథకాల ప్రచారం సమాచార శాఖకు వదిలి, సారథిని స్వయంప్రతిపత్తి గల సంస్థగా మార్చండి. నియామకాలు, ప్రదర్శనల ఎంపిక కళాకారులూ పండితులూ ఉన్న మండలికి అప్పగించండి. పాడిన పాటకు ఎవరి ఉద్యోగమూ పోదని నిబంధనల్లోనే రాయండి. ఇది అధికారంలో ఉన్నప్పుడు చేయవలసిన పని. ప్రతిపక్షంలో కూర్చున్నాక ఈ మాట అందరూ అంటారు.

ఇట్లు,
ఒక పాఠకుడు, ఖమ్మం