చుట్ట ఎవరిది? పొగ ఎవరికి?

'కన్యాశుల్కం' పాఠం వచ్చిందంటే గిరీశం చుట్ట ముచ్చటను కాస్త రక్తి కట్టించి చెప్పడం నాకు అలవాటు. పిల్లలు ఘొల్లున నవ్వుతారు. సాయంకాలం యింటికి వచ్చి, హాల్లో వాలుకుర్చీలో కూర్చుని నేనూ వొక సిగరెట్టు వెలిగించేవాణ్ణి.

నిరుడు మా చెల్లెలు పురిటికి మా యింటికి వచ్చింది. నేను అగ్గిపుల్ల గీసినప్పుడల్లా మెల్లగా లేచి దొడ్లోకి వెళ్ళేది. వాసన పడటం లేదు కాబోలనుకుని, పెద్ద వుపకారం చేస్తున్నట్టు కిటికీ తెరిచేవాణ్ణి. అన్నగారిని మానెయ్యమని ఏ చెల్లెలు అంటుంది చెప్పండి?

ఎనిమిదో నెలలో డాక్టరమ్మగారు పరీక్ష చేసి, "బిడ్డ ఎదుగుదల కొంచెం తక్కువగా వుంది. యింట్లో ఎవరైనా పొగ తాగుతారా?" అని అడిగారు. మా చెల్లెలు నా మొహం చూడలేదు, నేల చూసింది.

ఆవిడ చెప్పిన సంగతులు యివి. పొగలోని కార్బన్ మోనాక్సైడు ప్రాణవాయువు కంటే 200 రెట్లకు పైగా గట్టిగా రక్తంలోని హీమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. ఆ మేరకు బిడ్డకు అందే ప్రాణవాయువు తగ్గుతుంది. నికోటిన్ మాయను దాటి బిడ్డ దాకా పోతుంది. తల్లి సిగరెట్టు ముట్టకపోయినా, పక్కవారి పొగ పీలిస్తే పుట్టే బిడ్డ బరువు కొద్దిగా తగ్గుతుందని అమెరికా సర్జన్ జనరల్ 2006 నివేదికలో తేల్చారు. యింత పొగైతే ఫరవాలేదనే హద్దు లేదనీ, కిటికీలు తెరిచినంత మాత్రాన చాలదనీ కూడా అందులో వుంది. తగ్గేది సగటున కొన్ని పదుల గ్రాములే. కాని అసలే బరువు చాలని బిడ్డకు ఆ గ్రాములు కూడా బరువే కదా!

"అయితే యిది నా మూలానేనా?" అన్నాను.

"వొక్క బిడ్డ సంగతిలో కారణం యిదేనని చెప్పలేమండీ. మానడం మాత్రం మీ చేతిలోనే వుంది," అన్నారు.

ఆ రోజే సిగరెట్టు పెట్టె పారేశాను. మర్నాటి నుంచి మా చెల్లెలు సాయంకాలాలు హాల్లోనే కూర్చోసాగింది. నెలలు నిండి మేనకోడలు పుట్టింది, 2.3 కిలోలు. పుట్టే బిడ్డ 2.5 కిలోలైనా వుండాలంటారు. యిప్పుడు బాగానే వుంది. తూకం నాటి భయం మాత్రం నన్ను వదలలేదు.

బహిరంగ స్థలాల్లో పొగ తాగరాదని 2008 అక్టోబరు 2 నుంచి దేశమంతటా గట్టి నిబంధన వుంది. మన హాల్లోకి వచ్చి ఆ మాట చెప్పే పోలీసు లేడు. యింట్లో నెలలు నిండుతున్న ఆడపిల్ల వుంటే, ఆమె నోరు తెరిచి అడిగేదాకా ఆగకండి. ఆమె అడగదు.