ఓడ మీది కబుర్లకు వోచర్ ఏది?

పని మీద విదేశం వెళ్ళినవాళ్ళు ఊరు చూస్తారు, తోటివాళ్ళతో కబుర్లు చెప్పుకుంటారు. అందులో తప్పేం లేదు. ఆ కబుర్లకు తర్వాతివాళ్ళు మహిమలు అంటగడితేనే చిక్కు.

మా జంషెడ్‌పూర్ గురించి ఒక కథ ప్రచారంలో ఉంది. 1893లో జపాను నుంచి అమెరికా వైపు వెళ్ళే ఓడలో జంషెట్జీ టాటా, వివేకానందుడు కలిసి ప్రయాణం చేశారు. ఇంతవరకూ నిజమే. ఉక్కు కర్మాగారం పెట్టమని స్వామి ఆదేశించాడట, అందుకే ఈ ఊరు పుట్టిందట!

డిఫెన్స్ అకౌంట్స్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి. వోచర్ లేని బిల్లు పాస్ చెయ్యడం నాకు అలవాటు లేదు. ఈ ప్రయాణానికి ఉన్న వోచరు 1898 నవంబర్ 23న టాటా స్వామికి రాసిన ఉత్తరం. ఓడ ప్రయాణాన్ని గుర్తుచేసి ఆయన సాయం అడిగింది విజ్ఞాన పరిశోధన సంస్థ కోసం. 1909లో బెంగుళూరులో ఏర్పడింది అదే. ఉక్కు మాట ఆ ఉత్తరంలో లేదు.

ఉక్కు పద్దు ఇంకా పాతది. చాందా జిల్లా ఇనుప ఖనిజంపై వాన్ ష్వార్జ్ నివేదికను టాటా చదివింది 1882లో, అంటే ఓడెక్కడానికి పదకొండేళ్ళ ముందు! 1902లో అమెరికా వెళ్ళి ఇంజనీర్లను కలిశాడు. 1904లో మయూర్‌భంజ్ ఖనిజం గురించి టాటాలకు ఉత్తరం రాసింది భూగర్భ శాస్త్రవేత్త పి.ఎన్. బోస్. 1907లో కంపెనీ, 1912లో మొదటి ఉక్కు.

వాళ్ళిద్దరి పరిచయాన్ని ఎవరూ కాదనరు. కానీ కొండలెక్కి రాళ్ళు పరీక్షించిన బోస్ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? ఒకరి కష్టాన్ని మరొకరి మహిమ ఖాతాలో జమకడితే మా లెక్కల్లో దాన్ని తప్పుడు ఎంట్రీ అంటారు. దిద్దాలా, వద్దా?