కీళ్ళ నొప్పిని కంటితో చూడవచ్చు

రొమ్ము క్యాన్సరుకు శస్త్రచికిత్స జరిగి, గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకున్న తరువాత మొదలయ్యే నొప్పి ఒకటున్నది. హార్మోను ప్రభావంతో పెరిగే రకం క్యాన్సరయితే, ముట్లుడిగిన స్త్రీలకు అది తిరగబెట్టకుండా లెట్రోజోల్, అనాస్ట్రోజోల్ వంటి మాత్రలను సాధారణంగా 5 ఏళ్ళపాటు వాడిస్తారు. ఇవి ఒంట్లో ఈస్ట్రోజెన్ తయారీని అడ్డుకొంటాయి. వాడేవారిలో ఇంచుమించు సగం మందికి కీళ్ళు పట్టేస్తాయి. తెల్లవారేసరికి వేళ్ళు బిగుసుకొని పిడికిలి పడదు. సంగటి కెలికే తెడ్డు చేతిలో నిలవదు.

ఈ బాధ చెప్పుకొంటే, పత్తికొండలోనైనా జమ్మలమడుగులోనైనా మొదట వినబడే మాట "వయసు మీద పడింది కదమ్మా" అనే. మా బంధువులలో ఒకావిడ ఆ మాట విని, ఇక ఎవరికీ చెప్పక మాత్రలే మానివేసింది. నొప్పి తగ్గింది, నిజమే. కాని అసలు రోగానికి వేసిన కాపలా కూడా తొలగిపోయింది. నన్ను కలవరపెట్టేది ఇదే.

అల్ట్రాసౌండు (పాఠ్యపుస్తకంలో అతిధ్వని అని చెప్పేవాళ్ళం, జనానికి మాత్రం స్కానింగే!) కడుపులో బిడ్డకే పరిమితం కాదు. మణికట్టు మీద, వేళ్ళ మీద ఆనిస్తే స్నాయువుల చుట్టూ చేరిన నీరు, కీలు పొర వాపు, అక్కడ హెచ్చిన రక్తప్రసారం కనబడతాయి. మణికట్టులో నరం నొక్కుకుపోతే దాని ఉబ్బూ తెలుస్తుంది. రేడియేషను లేదు. అయితే పైపొరలను స్పష్టంగా చూపే ప్రోబూ, కీళ్ళను చదవడం నేర్చిన వైద్యుడూ ఉండాలి.

1994 నాటి లింగనిర్ధారణ నిరోధక చట్టం వల్ల ఈ యంత్రాన్ని నమోదు చేసిన చోటనే వాడాలి. ఇష్టం వచ్చినట్టు ఊరూరా తిప్పి చూడడం కుదరదు. ఆడపిల్లల ప్రాణాల కోసం వచ్చిన ఆ చట్టాన్ని సడలించమని నేననను. కర్నూలు, కడప పెద్దాసుపత్రులలో క్యాన్సరు రోగులు వచ్చే రోజున, అక్కడి స్కానింగు గదిలోనే వారి చేతులూ చూడమంటున్నాను.

ఒక్క మెలిక ఉన్నది. కొందరికి నొప్పి తీవ్రంగా ఉన్నా తెర మీద ఏమీ కనబడదు. అంతమాత్రాన ఆమెది నటన అనరాదు. వాపు కనబడినా, కనబడకపోయినా వైద్యుడు ఒక మాత్ర బదులు మరొకటి ఇచ్చి చూడవచ్చు. క్రమబద్ధమైన వ్యాయామంతో నొప్పి తగ్గుతుందని 2015లో వెలువడిన అమెరికా పరిశోధన ఒకటి తేల్చింది. మాత్ర రాసిచ్చే నాడే ఈ రెండు ముక్కలూ ఆమెకు తెలుగులో చెప్పడానికి ఏ యంత్రమూ అక్కరలేదు.