హయా చాటున దాగిన బాధ

 

ఈ నెల మేము వ్రాయబోయే విషయం మన ఇళ్ళలో నలుగురి ఎదుట మాట్లాడుకునేది కాదు. అయినా వ్రాయక తప్పదనిపించింది. ఎందుకంటే ఇందులో మా పొరపాటు కూడా ఉన్నది.

కొన్నేళ్ళ క్రితం మా మదరసా బాలికల విభాగంలో, మా ఇంటివారి వద్ద, ఒక అమ్మాయి హిఫ్జ్ చేస్తుండేది. చురుకైన పిల్ల. పదకొండు పారాలు కంఠస్థమైన తరువాత ఆమె చదువు కుంటుపడింది. అరగంట కూర్చోలేకపోయేది, మాటిమాటికీ గోడకు ఆనుకునేది, వారానికి రెండు రోజులు రాకుండా ఉండేది. మేము ఆమె తండ్రిని పిలిపించి, "అమ్మాయి బద్ధకిస్తున్నది, ఇంట్లో కాస్త గట్టిగా చెప్పండి" అన్నాము. చిత్తూరు మామిడి మండీలో లెక్కలు వ్రాసుకునే ఆ మనిషి తల వంచుకొని, "అలాగే హజ్రత్" అని వెళ్ళిపోయారు. కొద్ది నెలలకు ఆ అమ్మాయి మదరసా మానేసింది.

అసలు సంగతి రెండేళ్ళ తరువాత ఆమె తల్లి మా ఇంటివారి ముందు కంటతడి పెట్టినప్పుడు గానీ బయటపడలేదు. ఆ అమ్మాయి వక్షోజాలు ఒంటికి మించిన బరువుతో పెరిగాయి. మెడ, భుజాలు, వెన్ను నిత్యం నొప్పి. లోదుస్తుల పట్టీలు భుజాలలో గాడులు చేశాయి. ఎండాకాలం వచ్చిందంటే చర్మపు మడతలలో చెమటకు ఒరిసి పుండ్లు. ఖుర్ఆన్ ముందు వంగి కూర్చోవడమే ఆమెకు శిక్ష అయింది. "సబ్ర్ చేయమనే చెబుతూ వచ్చాను ఆపా! ఆడపిల్ల ఈ మాట ఎవరితో చెప్పుకుంటుంది?" అన్నదట ఆ తల్లి. మేము బద్ధకమని పేరు పెట్టినది నొప్పి అని ఆనాడు తెలిసింది. ఒక్క ప్రశ్న అడిగించి ఉంటే తెలిసిపోయేది. మేము అడిగించలేదు. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక!

ఆ తల్లిదండ్రుల అనుమతితోనే, గుర్తులు తెలియనీయకుండా, ఈ మాటలు వ్రాస్తున్నాము.

మరునాడు ఆ తండ్రి వచ్చి రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది: "హజ్రత్! దీనికి ఆపరేషన్ ఉన్నదట. షరీఅత్‌లో ఇది జాయిజేనా? అల్లాహ్ సృష్టిని మార్చినట్లు కాదా?"

ప్రశ్న సరైనదే. కేవలం అందం కోసం, ఎవరినో చూసి వారిలా కావాలని, ఆరోగ్యంగా ఉన్న శరీరాన్ని కోయించుకోవడం ధర్మసమ్మతం కాదు. కాని బాధను తొలగించుకోవడం వేరు. దైవప్రవక్త (సఅసం) వైద్యం చేయించుకోవలసిందిగా దైవదాసులకు బోధించారు. అర్ఫజా (రజి) అనే సహాబీ ముక్కు యుద్ధంలో తెగిపోయింది. ఆయన వెండి ముక్కు అమర్చుకుంటే అది దుర్వాసన కొట్టింది. అప్పుడు ప్రవక్త (సఅసం) బంగారు ముక్కు అమర్చుకోమన్నారు. పురుషునికి బంగారం నిషిద్ధమైనా అవసరాన్ని బట్టి అనుమతి లభించింది. 2007లో మలేషియాలోని పుత్రజాయలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసింది. వక్షోజాల పరిమాణం వ్యాధి స్థితికి దారితీసేటంతగా ఉంటే శస్త్రచికిత్సతో సరిదిద్దుకోవచ్చునని తీర్మానించింది. కనుక ఆ అమ్మాయి విషయంలో మేము సంకోచం లేకుండా జాయిజ్ అని చెప్పాము.

రెండవ ప్రశ్న కష్టమైనది. "ఆడ సర్జన్ దొరకకపోతే?"

ఇక్కడ మన పొరుగునే జరిగిన ఒక చరిత్రను గుర్తు చేయాలి. 1890ల దశకంలో, తమిళ సీమలోని తిండివనంలో ఒక అమెరికన్ క్రైస్తవ వైద్యుడు ఉండేవారు. ఒక రాత్రి ముగ్గురు భర్తలు ఒకరి తరువాత ఒకరు ఆయన ఇంటికి వచ్చారు. ముగ్గురి భార్యలూ ప్రసవ వేదనలో ఉన్నారు. పురుష వైద్యుడు వద్దు, మీ అమ్మాయిని పంపండి అని వేడుకున్నారు. ఆ అమ్మాయి ఐడా స్కడర్‌కు వైద్యం రాదు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ మరణించారు. ఆ ముగ్గురు భర్తలలో ఒకరు మన ముస్లిం సోదరుడు. ఆ రాత్రి చలించిపోయిన ఐడా స్కడర్ అమెరికాలో వైద్యవిద్య అభ్యసించి 1900లో తిరిగి వచ్చారు. చిత్తూరు నుండి గంట ప్రయాణంలో ఉన్న వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రి ఆమె నాటిన మొక్కే.

ఆ భర్త హయా గల మనిషే. కాని షరీఅత్ ఆయన నుండి అంత కోరలేదు. ఉలమా చెప్పిన క్రమం ఇది: ఆ పనిలో నిపుణురాలైన ముస్లిం వైద్యురాలు, లేకుంటే ముస్లిమేతర వైద్యురాలు, ఆమె కూడా లేకుంటే నమ్మదగిన ముస్లిం వైద్యుడు, ఆ తరువాత ముస్లిమేతర వైద్యుడు. అవసరమున్నంత భాగమే తెరవాలి, అవసరమున్నంత సేపే చూడాలి, పక్కన మరొకరు ఉండాలి. కాబట్టి ముందు ఆడ సర్జన్ కోసం నిజాయితీగా వెదకండి. దొరకకపోతే, నర్సుగానైనా ఒక స్త్రీ మొదటి నుండి చివరి దాకా గదిలో ఉండాలని, మిగిలిన శరీరం కప్పి ఉంచాలని అడగండి. మంచి ఆసుపత్రులు ఈ కోరికను తప్పుగా తీసుకోవు. స్త్రీ అన్న ఒక్క కారణంతో పని రాని చేతికి కూతుర్ని అప్పగించడం మాత్రం పర్దా కాదు.

ఎందుకంటే, వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడని హదీసులో ఉన్నది. వెయ్యేళ్ళ నాటి కొర్డోవా శస్త్రవైద్యుడు అబుల్ ఖాసిమ్ అజ్జహ్రావీ తన 'తస్రీఫ్' గ్రంథంలో శస్త్రచికిత్స భాగాన్ని మొదలుపెడుతూనే ఒక హెచ్చరిక చేశారు. శరీర నిర్మాణం తెలియని ఒక వైద్యుడు ఒక స్త్రీ మెడ మీది గడ్డను కోసి, రక్తనాళాలు తెంచి, ఆమె మరణానికి కారకుడైన సంగతి అందులో వ్రాశారు.

మా అమ్మాయి విషయంలోనూ ఆ ప్రమాదం కొద్దిలో తప్పింది. బంధువు ఒకరు చెప్పగా ఆ కుటుంబం మొదట ఒక నగరంలోని క్లినిక్‌కు వెళ్ళింది. చవకగా, ఒక్క పూటలో పంపించేస్తామన్నారు. సెల్‌ఫోన్‌తో ఫోటోలు తీయబోయారు. తల్లి అడ్డుపడింది. బయట బోర్డు మీద ఉన్నది చర్మ సౌందర్యానికి సంబంధించిన చిన్న కోర్సు పేరు మాత్రమేనని తరువాత తెలిసింది.

కనుక సర్జన్ ఎంపికలో ఈ విషయాలు చూడండి. ఈ ఆపరేషన్ ప్లాస్టిక్ సర్జన్ పని. ఎం.బి.బి.ఎస్., ఎం.ఎస్. తరువాత ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సిహెచ్. గానీ, దానికి సమానమైన డి.ఎన్.బి. గానీ ఉండాలి. రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లో పేరు నమోదై ఉండాలి. "ఈ ఆపరేషన్ మీరు ఎన్ని చేశారు? మీరే చేస్తారా? మత్తు ఇచ్చేవారు ఎం.డి. చేసిన మత్తు వైద్యులేనా? రాత్రి రక్తస్రావమైతే ఎవరు చూస్తారు?" అని మర్యాదగా అడగండి. ప్రమాదాలు ఏమీ లేవని చెప్పేవారి దగ్గర ఆగవద్దు. ఉన్నవి ఉన్నట్లు చెప్పేవారిని నమ్మండి. ఇద్దరు వైద్యుల అభిప్రాయం తీసుకోవడం అవిశ్వాసం కాదు. ప్లాస్టిక్ సర్జన్లు ఆపరేషన్‌కు ముందు, తరువాత ఫోటోలు తీయడం మామూలే. ముఖం కనబడకూడదని, ఆసుపత్రి రికార్డులోనే ఉండాలని, ఎక్కడా ప్రదర్శించకూడదని సమ్మతి పత్రంలో వ్రాయించండి. తిరుపతిలో రుయా, స్విమ్స్, అటు వేలూరులో సి.ఎం.సి. వంటి బోధనాసుపత్రులు మనకు అందుబాటులో ఉన్నాయి. అక్కడ మొదట విచారించండి. ఖర్చు మొత్తం, బీమా వర్తిస్తుందా లేదా అన్నది ముందే కాగితం మీద తీసుకోండి.

ముందుగా తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. ఆపరేషన్‌కు సాధారణంగా రెండు నుండి నాలుగు గంటలు పడుతుంది, పూర్తి మత్తు ఇస్తారు. మచ్చలు మిగులుతాయి, కాలక్రమంలో పలుచబడతాయి. చనుమొనల స్పర్శ తగ్గవచ్చు. కొన్ని పాల గ్రంథులు, నాళాలు తొలగిపోతాయి కనుక తరువాత బిడ్డకు పాలివ్వడం కొందరికి సాధ్యమవుతుంది, కొందరికి కాదు. తల్లిపాలకు దివ్యఖుర్ఆన్ ఇచ్చిన స్థానం మనకు తెలుసు. అందుచేత పెళ్ళి కాని అమ్మాయి, బిడ్డలు కావాలనుకునే స్త్రీ ఈ మాట సర్జన్‌తో విప్పి మాట్లాడాలి. ఎదుగుదల ఇంకా సాగుతుంటే అది నిలకడగా అయ్యేదాకా వేచి ఉండమంటారు. పాలు మాన్పించిన తల్లిని కూడా కొన్ని నెలలు ఆగమంటారు. బరువు ఎక్కువగా ఉంటే ముందు తగ్గమంటారు.

ఇక సన్నద్ధత. రక్తహీనత, చక్కెర, రక్తపోటు పరీక్షలు చేయించాలి. నలభై దాటినవారికి, కుటుంబంలో రొమ్ము క్యాన్సర్ ఉన్నవారికి మామోగ్రామ్ అడుగుతారు. తీసిన కణజాలాన్ని పరీక్షకు పంపుతారా అని కూడా తెలుసుకోండి. మన పెద్దమ్మలకు పాన్‌లో జర్దా అలవాటు. పొగాకు ఏ రూపంలో ఉన్నా చర్మానికి రక్తప్రసరణ తగ్గించి గాయం మానకుండా చేస్తుంది. కనీసం నాలుగు వారాల ముందు నుండి, గాయం మానేదాకా పూర్తిగా మానాలి. ఇంట్లో మగవారు సిగరెట్టు తాగడం కూడా ఆపాలి. కలోంజీ నూనె, యూనానీ మందులు, హిజామా, ఆస్పిరిన్ వంటివి ఏవి వాడుతున్నా దాచకుండా చెప్పాలి. వాటిలో కొన్ని రక్తస్రావాన్ని పెంచవచ్చు. డాక్టరు రాసిన మందును మాత్రం మనంతట మనం ఆపకూడదు. ఎప్పటి నుండి ఏమీ తినకూడదో, తాగకూడదో మత్తు వైద్యులు చెప్పినట్లే చేయాలి.

వీలైతే రమజాన్ నెల తప్పించండి. తప్పనిసరైతే రోగికి ఉపవాసం వాయిదా వేసుకునే అనుమతి ఉన్నది. కట్టు ఉన్న చోట నీరు తగలకూడదంటే తడిచేతితో మసహ్ చాలు. నీరు అసలే వాడకూడదంటే తయమ్ముమ్. వంగలేనివారు కూర్చొని, సైగతో సజ్దా చేస్తూ నమాజు చేసుకోవచ్చు. ఆపరేషన్ సమయంలో తప్పిన నమాజును ఖజా చేసుకోవాలి.

ఇంటివారికి ఒక మాట. నాలుగు నుండి ఆరు వారాలు ఆమె నీళ్ళ బిందె ఎత్తకూడదు, చంటిబిడ్డను ఎత్తుకోకూడదు, దేగిసా దించకూడదు. అత్తగారు, ఆడబిడ్డలు, భర్త ఆ పనులు పంచుకోవాలి. అప్పటికి ఇంట్లో ఎవరు ఏమి చేస్తారో ముందే నిర్ణయించుకోండి. జ్వరం, ఎక్కువ వాపు, ఒకవైపే పెరిగే నొప్పి, చీము, ఆయాసం కనబడితే రాత్రి అయినా ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పొద్దున చూద్దామనకండి.

ఇమామ్ గజాలీ (రహ్మ) వైద్యవిద్యను ఫర్జె కిఫాయాగా లెక్కించారు. సమాజంలో తగినంతమంది నేర్చుకోకపోతే అందరూ దోషులే. తిరుపతిలో స్విమ్స్ ఆధ్వర్యంలో 2014లో శ్రీ పద్మావతి మహిళా వైద్య కళాశాల వెలసింది. ఆడ సర్జన్ కావాలని కోరే మనం, ఇంటర్ ముగియగానే కూతురి చదువు మాన్పిస్తే ఆ సర్జన్ ఎక్కడి నుండి వస్తుంది?

మా అమ్మాయికి ఒక బోధనాసుపత్రిలో ఆపరేషన్ జరిగింది. చేసినది ఒక పురుష వైద్యుడే. పక్కన ఇద్దరు వైద్యురాళ్ళు ఉన్నారు. ఆరు నెలల తరువాత ఆమె తిరిగి మా ఇంటివారి వద్దకు వచ్చి, మానేసిన పన్నెండవ పారా తెరిచింది. మేము ఆమె తండ్రిని పిలిపించి క్షమాపణ కోరాము. ఆయన ఈసారి కూడా తల వంచుకొని, "పర్వాలేదు హజ్రత్" అన్నారు.

మీ ఇంట్లో ఏ అమ్మాయి అయినా గోడకు ఆనుకొని కూర్చుంటే, ముందు ఆమె తల్లి చేత కారణం అడిగించండి. అల్లాహ్ మన బిడ్డలకు ఆరోగ్యాన్ని, వారి మాట వినే మనసును మనకు ప్రసాదించుగాక! ఆమీన్.