రోబో దాకా వెళ్ళేదెలా?

రోబోటిక్ సర్జరీ అనగానే మన సీఎస్ఈ వాళ్ళకి ఏఐ గుర్తొస్తుంది. మెషీనే ఆపరేషన్ చేసేస్తుందనుకుంటాం. నిజానికి డా విన్సీ లాంటి రోబో సొంతంగా ఏదీ డిసైడ్ చెయ్యదు. సర్జన్ కన్సోల్ దగ్గర కూర్చుని చేతులు కదుపుతారు. ఆ కదలికల్నే రోబో చిన్నవి చేసి, వణుకు తీసేసి, పొట్ట లోపల చేస్తుంది. ఇన్‌పుట్ అంతా మనిషిదే.

మరి లాభమేంటి? పొట్ట గోడలో వచ్చే గడ్డలనే తీసుకోండి. పైపైన ఉన్న చిన్న గడ్డకి మామూలు కోత చాలు. లోపలి పొరల్లో ఉంటేనే తంటా. గడ్డ తీశాక గోడకి పడిన ఖాళీని కుట్టాలి, ఒక్కోసారి మెష్ వెయ్యాలి. లేకపోతే అక్కడ హెర్నియా రావచ్చు. లాపరోస్కోపీలో ఈ పని తిన్నటి కడ్డీలతో ఇంటి సీలింగ్‌కి కుట్లు వేసినట్టుంటుంది. రోబో పరికరం మన మణికట్టులా తిరుగుతుంది కాబట్టి పైకి కుట్టడం తేలిక.

2001లో న్యూయార్క్‌లో కూర్చున్న సర్జన్లు ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఉన్న పేషెంట్‌కి రోబోతో గాల్ బ్లాడర్ తీశారు. ఇంక దూరం సమస్యే లేదనిపిస్తుంది. కానీ ఆ పేషెంట్ అప్పటికే ఆపరేషన్ టేబుల్ మీద ఉంది. మన కొల్లేటి లంకల్లో అసలు దూరం ఆ టేబుల్ దాకా రావడమే.

చేపల చెరువుల దగ్గర పనిచేసే ఒకావిడకి సిజేరియన్ మచ్చ పక్కన గడ్డ వచ్చిందనుకోండి. కుట్ల నొప్పిలే అని ఊరుకుంటుంది. "నెలసరి రోజుల్లో నొప్పి ఎక్కువవుతోందా అమ్మా?" అని ఎవరైనా అడిగితే, అది ఎండోమెట్రియోసిస్ కావచ్చని అనుమానం వస్తుంది. ఆ ప్రశ్నకి పైసా ఖర్చు లేదు. తర్వాత స్కాన్, అవసరమైతే బయాప్సీ. డెస్మాయిడ్ అని తేలితే చాలాసార్లు వెంటనే కొయ్యకుండా స్కాన్లతో గమనిస్తారు. కొన్ని వాటంతటవే పెరగడం ఆగిపోతాయి, కొన్ని తీసినా మళ్ళీ వస్తాయి. అంటే ఆవిడ నెలల తరబడి హాస్పిటల్‌కి తిరగాలి. ఒక్కో ట్రిప్పుకీ ఒక రోజు కూలి పోతుంది.

ఏలూరులో 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది. అక్కడికి రోబో వస్తే నాకూ సంతోషమే. కానీ ఆ కోట్లలో కొంత ముందు ఊళ్ళ దగ్గరికి వెళ్ళే స్కాన్ వ్యాన్‌కి పెట్టాలని నా అభిప్రాయం.

ఏలూరులో, గూడెంలో చదివే మనకీ ఇందులో పనుంది. మినీ ప్రాజెక్టుకి రోబో చెయ్యి బొమ్మ చేసే బదులు, ఎవరి స్కాన్ తేదీ దాటిపోయిందో ఆశా వర్కర్‌కి తెలుగులో గుర్తు చేసే చిన్న యాప్ చేద్దాం. మార్కులు అంతే వస్తాయి.