చేతితో చేసిన బొమ్మకారు

బొమ్మకారును గూర్చి పాఠశాల సంచికయందు వ్రాయుట కొందఱు పెద్దలకు వింతగా తోచవచ్చును. అయినను ప్రదర్శనము జరిగినప్పుడెల్ల, అంగడిలో కొనితెచ్చిన నమూనాలపై విద్యార్థుల పేర్లు అంటించియుండుట చూచి చూచి మాకు విసుగు పుట్టినది. కావున ఈ నాలుగు మాటలు వ్రాయ సాహసించితిమి.

గాడివెంట పరుగెత్తు చిన్న కార్లు కలవు. వానిని స్లాట్ కార్లందురు. ఇంగ్లండునందు ఫ్రెడ్ ఫ్రాన్సిస్ అను నాతడు 1957లో స్కేలెక్‌స్ట్రిక్ అను పేర వీనిని అమ్మకమునకు తెచ్చెను. అంతకుముందు ఆయన చేయించినవి స్ప్రింగుతో నడుచు రేకు కార్లు. వానిలో విద్యుత్ మోటారు నమర్చి, బాటలో గాడి తీయుటతో క్రొత్త ఆట యేర్పడినది. గాడికి ఇరుప్రక్కల లోహపు పట్టీలుండును. వాని విద్యుత్తును కారు క్రింది రాగిజడలు గ్రహించి మోటారున కందించును. చేతిమీటను నొక్కినకొలది నిరోధము తగ్గి వేగము హెచ్చును. ముందుచక్రములను త్రిప్పు పనిలేదు. గాడియే దారి చూపును. మలుపులో వేగము తగ్గింపనివాని కారు గాడి విడిచి యెగిరిపోవును.

ఇవి కొన దొరకును. కాని మేము మెచ్చునది, ఇంటిలోని పనికిమాలిన వస్తువులతో పూర్వకాలపు కారును చేసికొనుట. 1924లో బయలుదేరిన బుగాటీ 35వ రకమునే తీసికొందము. దాని రెండు ఇరుసుల నడిమి దూరము 2.4 మీటర్లు, 32వ వంతున చేసినచో 75 మిల్లీమీటర్లు. ఈ భాగహారమును పుస్తకములో చేయుటకు బద్ధకించు బాలుడు, అట్టను కత్తిరింపవలసినప్పుడు రెండుమార్లు సరిచూచుకొనును. పొడవైన ముక్కు, సన్నగిల్లు తోక గల యా కారునకు పెండ్లి శుభలేఖ అట్ట చాలును. దానిని కొంచెము తడిపి సీసాకు చుట్టి ఆరబెట్టినచో వంపు నిలుచును. లోపల కాగితపు పొరలు అంటించిన గట్టిపడును. ఇరుసునకు సైకిలు చువ్వ, చక్రములకు అరిగిన హవాయి చెప్పు, జడలకు పాత తీగలోని రాగిపోగులు. చెప్పుముక్కలతో చక్రములు కోసి బండి నడపిన పిల్లలు మన పల్లెలలో ఎందఱు లేరు! మోటారు మాత్రము జాగ్రత్తగా ఎన్నుకొనవలెను. చెడిన బొమ్మలలోని మోటారులు తఱచుగా తక్కువ వోల్టులవి. 12 వోల్టుల బాటపై పెట్టిన కాలిపోవును. దానిని, పండ్లచక్రములను కొనక తప్పదు.

ఇట్టి కారు పందెములో గెలుచునా? మొదట ఓడును. ఇరుసు ఇసుమంత వంకరయైనను వెనుకభాగము గంతులు వేయును. బరువు పైకి చేరినచో మలుపులో బోల్తాపడును. ఏల పడెనో వెదకి, అడుగున ఇనుప బిళ్ల యంటించి, మరల నడిపిన బాలునికి గురుత్వకేంద్రమును గూర్చి వేఱుగా చెప్పవలసినది కొంచెమే.

పరీక్షలు దగ్గఱపడుచుండగా ఈ జిగురుపని యేమని తలిదండ్రులు కోపింతురు. ఆ కోపము అకారణము కాదు. ఒక్క కారు ఎన్నో సాయంకాలములను మ్రింగును. కనుక ఈ పనిని వేసవి సెలవులలో మొదలుపెట్టుట మేలని మేమును ఒప్పుకొందుము. కాని రూపాయలిచ్చి నమూనా కొని, బాలుని చేతికిచ్చి పంపుటకు కాలాభావము సమాధానము కానేరదు. ఇక కుమారుని ప్రక్కన కూర్చుండబెట్టి కారంతయు తామే చేసి ముగించు తండ్రులు కొందఱు కలరు. వారి ముచ్చటను మేము కాదనము; వారికొక బల్ల వేఱుగా వేయవచ్చును.

రాబోవు ప్రదర్శనమున ఒక నియమము పెట్టవలెనని మా కోరిక. నమూనా తెచ్చిన బాలుడైనను బాలికయైనను దానిని పరీక్షకుల యెదుట విప్పి, మరల కూర్చి, నడిపి చూపవలెను. చూపలేనిచో మార్కులు లేవు. చేయుచుండగా చెడిన చక్రములను, వంకరపోయిన ఇరుసులను కూడ బల్లపై ఉంచనీయవలెను. ఉపాధ్యాయులు అంగీకరింతురేని, ఆ చెడిన ముక్కలున్న బల్లకడకే మేము మొదట పోవుదుము.