పెట్రోలా, డీజిలా: రావులపాలెంలో ఒక మష్వరా

జుమా నమాజు ముగిసి జనం మసీదు మెట్లు దిగుతున్న వేళ, చిన్ననాడు మా వద్ద నాజిరా చదువుకున్న ఒక యువకుడు వచ్చి సలాము చెప్పి, రెండు కాగితాలు మా చేతిలో ఉంచాడు. రెండూ కారు ధరల పట్టీలే. బండి ఒకటే, రంగు ఒకటే. ఒకటి పెట్రోలుది, మరొకటి డీజిలుది. పదకొండేళ్ళుగా అతడు కువైట్‌లో ఒక ఇంటి కారు నడుపుతున్నాడు. సెలవు మీద రావులపాలెం వచ్చి నెల కావస్తోంది. "హజ్రత్, ఏది తీసుకోమంటారు? మీరు ఏది చెబితే అదే" అన్నాడు.

పాఠకులు నవ్వుకోవచ్చు. సర్ఫ్, నహూ బోధించుకొనే వారికి ఇంజిన్ల సంగతి ఏమి తెలుసునని మేమూ నవ్వుకొన్నాము. కానీ అడిగినవాడు మనవాడు, ఖర్చు కానున్నది పదకొండేళ్ళ చెమట. మష్వరా అడిగినవారికి తెలిసినంత మేరకు నిజాయితీగా చెప్పడం ఒక అమానతు. పైగా ఈ విషయంలో మేము ఒకసారి చేతులు కాల్చుకొన్నవారమే.

రావులపాలెంలో డీజిలు అంటే పొదుపు అన్న మాట తరాల నుంచి పాతుకొని ఉంది. అందుకు కారణం లేకపోలేదు. గౌతమి వంతెన దిగగానే రహదారి పక్కన కనిపించేది అరటి మార్కెట్టు. అక్కడ గెలలు నింపుకొని పొరుగు రాష్ట్రాలకు బయలుదేరే లారీలు డీజిలువి. లంకల్లో నీరు తోడిన ఆయిలింజన్లు డీజిలువి. రేవుల్లో పంట్లు నడిచిందీ దానితోనే. బరువు లాగేదీ దూరం పోయేదీ అదే అని కళ్ళారా చూసినవారు, ఇంటి కారుకూ అదే మేలని అనుకోవడం సహజం.

2013లో మేము అన్నదమ్ములము నలుగురమూ కలిసి, అబ్బాజాన్‌ను ఆసుపత్రికి తిప్పడానికి ఒక డీజిలు కారు కొన్నాము. అప్పట్లో అందరూ చెప్పిన మాట అదే. పెట్రోలు ధరపై ప్రభుత్వ నియంత్రణ 2010 జూన్‌లోనే తొలగిపోగా, డీజిలు ధరను మాత్రం ప్రభుత్వం అదుపులోనే ఉంచింది. 2012 మధ్య నాటికి రెండింటి మధ్య లీటరుకు పాతిక రూపాయలకు పైగా తేడా ఉండేది. ఆ రోజుల్లో దేశంలో అమ్ముడైన కార్లలో సగానికి మించి డీజిలువే. ఆ తేడా శాశ్వతమని మేము నమ్మాము. 2013 జనవరి నుంచి డీజిలు నెలనెలా అర్ధరూపాయి చొప్పున పెరుగుతూ రాగా, 2014 అక్టోబరులో దాని ధరపైనా నియంత్రణ పోయింది. ఆ ఏడాది చివరికి తేడా పది, పన్నెండు రూపాయలకు దిగింది. మేము అదనంగా పోసిన లక్ష రూపాయలు ఇంధనం మీద తిరిగి రాకముందే బండి పాతబడింది. 2020 జూన్‌లో ఢిల్లీలో కొన్నాళ్ళు డీజిలే పెట్రోలును మించిపోయింది కూడా. బంకు దగ్గరి ధరను నమ్ముకొని పదేళ్ళ వస్తువు కొనడం ఎంత పొరపాటో మాకు అప్పుడు తెలిసింది.

ఈ రెండు ఇంజిన్ల తేడాను మా విద్యార్థులకు చెప్పినట్లుగా చెబుతాము. పెట్రోలు ఇంజినులో నిప్పురవ్వ కావాలి. ఆ పని స్పార్కు ప్లగ్గుది. డీజిలు ఇంజినులో ఆ ప్లగ్గు ఉండదు. గాలిని పదిహేను, ఇరవై వంతుల దాకా నొక్కగా పుట్టిన వేడికే ఇంధనం అంటుకొంటుంది. అంతటి ఒత్తిడికి తట్టుకోవాలంటే ఇంజిను బరువుగా, దృఢంగా ఉండాలి. అందుకే ధర ఎక్కువ, చప్పుడు ఎక్కువ, అదురు ఎక్కువ. అంతగా నొక్కడం వల్లనే అది తక్కువ ఇంధనంతో ఎక్కువ పని రాబడుతుంది. 1890లలో ఈ ఇంజినును తయారుచేసిన జర్మనీ ఇంజినీరు రుడాల్ఫ్ డీజిల్ పేరే దానికి నిలిచింది. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఇటువంటి ఇంజినును వేరుశనగ నూనెతో నడిపి చూపారంటే, నేటి పిల్లలు నమ్మరు.

అయితే ఆనాటి మొరటు ఇంజిను వేరు, నేటిది వేరు. డీజిలు పొగ క్యాన్సరుకు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2012లో తేల్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్ 6 నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచి డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే జల్లెడ ఒకటి తప్పనిసరి అయింది. దానిని డీపీఎఫ్ అంటున్నారు. పట్టిన మసి ఎప్పటికప్పుడు కాలి బూడిద కావాలంటే, ఇంజిను బాగా వేడెక్కి కొంతసేపు ఏకధాటిగా పరుగెత్తాలి. ఇంటి నుంచి బజారుకు, బజారు నుంచి బడికి తిరిగే బండిలో ఆ వేడి పుట్టదు, జల్లెడ పూడుకొనిపోతుంది. ఈ కొత్త నిబంధనల ఖర్చు భరించడం కన్నా మానుకోవడమే మేలని, దేశంలో అత్యధికంగా కార్లు అమ్మే మారుతీ సుజుకీ ఆ ఏప్రిల్‌లోనే డీజిలు కార్లను పూర్తిగా ఆపివేసింది.

మా బావమరిదికి ఈ సంగతి అనుభవంలోకి వచ్చింది. ఆయన 2021లో డీజిలు కారు కొన్నారు. ఆయన ప్రయాణాలన్నీ మసీదుకు, బజారుకు, కూతురి బడికి. ఏడాది తిరగక ముందే ముందు పలకపై పసుపు దీపం వెలిగింది. మొదటిసారి రహదారి మీద నడిపితే ఆరిపోయింది. రెండోసారి షెడ్డుకు చేర్చి శుభ్రం చేయించవలసి వచ్చింది. అప్పటి నుంచి ఆయన పని లేకపోయినా ప్రతి ఆదివారం ఫజ్ర్ తర్వాత తణుకు దాకా వెళ్ళి వస్తున్నారు. పొదుపు కోసం కొన్న బండి క్షేమం కోసం వారం వారం డీజిలు తగలేస్తున్న ఆయనను చూసి మా ఇంట్లో వారు నవ్వు ఆపుకోలేరు.

ఇవన్నీ ఆ యువకుడికి చెప్పలేదు. "నెలకు ఎన్ని కిలోమీటర్లు తిరుగుతావు బేటా?" అని మాత్రం అడిగాము. "పదిహేను వందల దాకా ఉంటుంది హజ్రత్" అన్నాడు. ఎలా లెక్క కట్టావంటే తల గోక్కున్నాడు. కువైట్‌లో యజమాని కుటుంబాన్ని రోజంతా తిప్పిన అలవాటుతో చెప్పిన అంకె అది. అక్కడ ఇంటి కార్లు దాదాపు అన్నీ పెట్రోలువే, లీటరు మన డబ్బుల్లో ముప్పై రూపాయలకు అటూ ఇటూ. ఇంధనం లెక్క వేసే అవసరం అతడికి ఎన్నడూ పడలేదు.

ఒక నోటు పుస్తకం కొని, కారు ఉండి ఉంటే ఏయే ప్రయాణం కారులో చేసేవారో నెల రోజులు రాయమన్నాము. బైకు మీద వెళ్ళినవి, ఆటోలో వెళ్ళినవి, కిరాయి కారులో వెళ్ళినవి అన్నీ. నెల తర్వాత పుస్తకం తెచ్చాడు. తల్లిని డాక్టరుకు చూపించడానికి రాజమహేంద్రవరం రెండుసార్లు, అత్తవారి ఊరైన అమలాపురం రెండుసార్లు, తణుకులో ఒక వలీమా, కొత్తపేటకూ బజారుకూ చిల్లర తిరుగుళ్ళు. మొత్తం నాలుగు వందల పదిహేను కిలోమీటర్లు. బండి ఇంటికి వస్తే తిరుగుడు పెరగక మానదు కనుక, ఆరు వందలుగా వేసుకొన్నాము.

ఈ మాసం ధరలను ఉజ్జాయింపుగా పెట్రోలు 110, డీజిలు 98 రూపాయలుగా తీసుకొన్నాము. ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాలు కలుస్తోంది, దాని శక్తి తక్కువ. అందుకని మైలేజీని కంపెనీ చెప్పినట్లు కాక, పెట్రోలుకు 16, డీజిలుకు 20గా వేశాము. పెట్రోలు ఖర్చు నెలకు 4,125 రూపాయలు, డీజిలు ఖర్చు 2,940. మిగులు 1,185, ఏడాదికి 14,220. రెండు పట్టీల మధ్య తేడా 1,30,000. అది తిరిగి రావడానికి తొమ్మిదేళ్ళు దాటుతుంది. డీజిలు బండి సర్వీసుకు ఏటా ఒక మూడు వేలు అదనం వేసుకొంటే పదకొండేళ్ళు దాటుతుంది. (పన్ను మాటకు వస్తే, నాలుగు మీటర్ల లోపు పొడవున్న కార్లలో 1200 సీసీ వరకు పెట్రోలుకూ, 1500 సీసీ వరకు డీజిలుకూ 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ ఒకటే, 18 శాతం. ఆ వైపు నుంచి లాభనష్టాలు లేవు.)

అదే పుస్తకంలో నెలకు రెండు వేల కిలోమీటర్లు తేలి ఉంటే మేమే డీజిలు తీసుకోమని చెప్పేవారము. అప్పుడు నెలకు 3,950 రూపాయలు మిగులుతాయి; మూడేళ్ళ లోపే తేడా తీరిపోతుంది. రహదారి మీద పరుగెత్తే బండికి జల్లెడ బాధ కూడా తక్కువ. రోజూ విజయవాడ వైపు తిరిగే వ్యాపారులు, కిరాయికి నడుపుకొనే సోదరులు ఈ వ్యాసం చదివి డీజిలును తిట్టుకోనక్కరలేదు. ఒక్క మాట మాత్రం: డీజిలు బండి వరద నీటిలోనూ ఆగదని లంకల వైపు చెప్పుకొంటారు. ప్లగ్గు తడిసి ఆగిపోయే పాత పెట్రోలు బండ్ల కాలంలో ఆ మాటలో కొంత నిజం ఉండేది. నేటి కార్లు రెండూ ఎలక్ట్రానిక్ పరికరాలతో నిండినవే, గాలి గొట్టంలోకి నీరు పోతే రెండింటి ఇంజినూ పాడవుతుంది. 2022 జూలై నాటి గోదావరిని చూసిన వారికి వేరే చెప్పాలా?

లెక్క చూసి అతడు కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పాడు. చేతిలో ఉన్నది పదకొండు లక్షలు. పెట్రోలు కారుకు 10,80,000, డీజిలుకు 12,10,000. "వడ్డీకి తీసుకోను హజ్రత్, మీరే నేర్పారు. ఇంకొక్క ఏడాది ఇఖామా పొడిగించుకొంటే డీజిలుకు సరిపోతుంది కదా అనుకొన్నాను. అమ్మీకి మంచి బండి ఉండాలి, వీధిలో వాళ్ళంతా డీజిలే కొన్నారు."

అతడి కొడుకుకు ఆరేళ్ళు. తండ్రిని మూడు సెలవుల్లో చూశాడు. మొదటిసారి గుక్కపట్టి ఏడ్చి, దగ్గరికి రాలేదట. రెండు పట్టీల మధ్య ఉన్న ఆ లక్షా ముప్పై వేల కోసం ఇంకొక ఏడాది. అది తిరిగి వచ్చేది పదకొండేళ్ళకు, అప్పటికి ఆ పిల్లవాడికి మీసాలు వస్తాయి. ఈ మాట అతడితో అన్నప్పుడు మా గొంతు కొంచెం కటువుగానే పలికిందని ఒప్పుకొంటాము.

మరొక సంగతి కూడా చెప్పక తప్పలేదు. "ఈ సొమ్ముకు జకాత్ ఇచ్చావా?" అంటే, "కారు కోసం దాచిందే కదా" అన్నాడు. ఈ పొరపాటు మన ఇళ్ళల్లో తరచుగా చూస్తున్నాము. సొంతానికి వాడుకొనే వాహనంపై జకాత్ లేదు, నిజమే. కానీ వాహనం కొనబోయేదాకా అది నగదే. నిసాబును మించి ఉండి, చాంద్రమాన సంవత్సరం గడిస్తే నూటికి రెండున్నర చొప్పున చెల్లించాలి. పదకొండు లక్షలకు 27,500. మిగిలేది 10,72,500. అంటే తాను తేలికగా కొనగలననుకొన్న పెట్రోలు కారు కూడా ఏడున్నర వేలు మించిపోయింది!

అతడి ముఖం చిన్నబోయింది. అప్పుడు పట్టీని మళ్ళీ చదివాము. అదే కారులో ఒక మెట్టు కింది రకం పెట్రోలుది 9,95,000 ఉంది. అందులో లేనిది పైకప్పులో తెరుచుకొనే అద్దం, పెద్ద తెర, ఇంకా కొన్ని హంగులు. రోహిణి కార్తెలో కోనసీమ ఎండకు నెత్తి మీద అద్దం ఎవరికి కావాలో మాకు ఈనాటికీ అర్థం కాలేదు. గాలి సంచులు, బ్రేకుల భద్రత రెండు రకాల్లోనూ సమానమేనని షోరూములో రాతపూర్వకంగా తెలుసుకోమన్నాము. అందులో తగ్గింపు ఉంటే మాత్రం పై రకం కోసం ఆగమన్నాము. కొన్న తర్వాత చేతిలో 77,500 మిగులుతాయి.

వాయిదాలపై కొనదలచిన వారు అడుగుతున్నారు కనుక ఒక్క మాట. అమ్మేవాడే వస్తువును తన సొంతం చేసుకొని, నగదు ధర కన్నా ఎక్కువకు వాయిదాలపై అమ్మడం ఫుకహాలలో అధికులు అనుమతించినదే. ధర, గడువు బేరం నాడే ఒక్కటిగా ఖరారు కావాలి; ఆలస్యమైతే పెరగకూడదు. డబ్బు అప్పుగా ఇచ్చి దానిపై వడ్డీ తీసుకొనే ఏర్పాటుకు వేరే ఏ పేరు పెట్టినా అది ఇదే కాజాలదు. కాగితం మీద ఏమి రాసి ఉందో సంతకానికి ముందు తెలిసినవారితో చదివించుకోండి.

"మరి ఇస్తిఖారా చేయమంటారా?" అని లేస్తూ అడిగాడు. తప్పక చేయమన్నాము. కానీ లెక్క వేయడానికి బద్ధకించి ఇస్తిఖారా వైపు పరుగెత్తే వారు ఎక్కువయ్యారని, ముందు పుస్తకం, తర్వాత నమాజు అని కూడా అన్నాము.

సోమవారం నాడు తల్లిని వెంటబెట్టుకొని షోరూముకు వెళ్ళాడు. ఈ నెల రోజుల చర్చలో ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు, మేము కూడా. ఆమె ఎత్తు బండిలోకి రెండుసార్లు ఎక్కి దిగి, మోకాళ్ళు పట్టుకొని, పక్కనే ఉన్న కాస్త కిందికి ఉండే కారు తలుపు తెరిచి కూర్చున్నారట. ఇందులో బాగుంది బేటా అన్నారట. అది పెట్రోలు బండే, ధర 8,40,000. దాని పట్టీ పట్టుకొని అతడు మళ్ళీ మా వద్దకు వచ్చి, ఈసారి రంగు సంగతి అడిగాడు.